ఉంగరాల జుట్టుకు మందెందుకు?

రెండు నెలల క్రితం ఒక తల్లి తన పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని దవాఖానాకు వచ్చింది. పిల్ల తలకు దుపట్టా బిగించి కట్టుకుని ఉంది. "హకీం సాబ్, దీని జుట్టు సాఫీగా రావడానికి ఏదైనా రోగన్ ఇవ్వండి. ఎన్ని నెలలు వాడమన్నా వాడతాం" అందా తల్లి. దుపట్టా తీయించి చూశాను. జుట్టులో ఏ లోపమూ కనిపించలేదు. నల్లగా, దట్టంగా, వేలు పెడితే వేలికి చుట్టుకునే ఉంగరాల జుట్టు. లోపమల్లా చెవి పక్కన ఉంది. అక్కడ రూపాయి బిళ్లంత మేర చర్మం కాలి, పొక్కు చితికి పచ్చిగా ఉంది.

విషయమేమిటంటే, మర్నాడు ఖాలా గారింట్లో నికాహ్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు లేని సమయం చూసి ఈ పిల్ల తలను బల్ల మీద ఆనించి, బట్టల ఇస్త్రీపెట్టెతో జుట్టును రుద్దుకుంది. "ఎందుకు బేటీ అలా చేశావు?" అని అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి, "ఆపా జుట్టు రేషమ్ అంటారు, నాది చీపురంటారు" అంది. ఎవరంటారని అడిగాను. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి తల దించుకుంది.

ముందుగా కాలిన గాయం గురించి ఒక మాట. ఎక్కడ కాలినా ఆ భాగాన్ని వెంటనే పంపు కింద చల్లని నీటిధారలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఐసు ముక్క పెట్టకండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు లాంటివి పూయకండి. పొక్కు వస్తే చిదపకండి. ముఖం మీద, కంటి దగ్గర కాలితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ అమ్మాయిని కూడా నేను ముందు ఆసుపత్రికే పంపాను. జుట్టు సంగతి వారం తర్వాత మాట్లాడదామన్నాను. ఆ తల్లికి వారం తర్వాత చెప్పిన మాటలే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఎందుకంటే ఇలా పిల్లల్ని తీసుకొచ్చి "జుట్టు సాఫీ చేయండి" అని అడిగేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు.

జుట్టు గురించి హకీములు ఏమన్నారు?

యునానీ వైద్యంలో మనిషి మిజాజ్‌ను, అంటే శరీర తత్వాన్ని, తెలుసుకోవడానికి పది రకాల గుర్తులు చూస్తారు. వాటిని అజ్నాస్-ఎ-అషరా అంటారు. చర్మపు స్పర్శ, కండ, కొవ్వు, ఒంటి రంగు, నిద్ర, మెలకువ వంటి వాటితో పాటు జుట్టు కూడా ఈ పదింటిలో ఒకటి. జుట్టు త్వరగా పెరుగుతోందా, పలచగా ఉందా, ముతకగా ఉందా, నిటారుగా ఉందా, వంకీలు తిరిగి ఉందా అని పరిశీలిస్తారు. శరీరంలోని పొగలాంటి ఆవిర్లు చర్మ రంధ్రాల్లో గడ్డకట్టి జుట్టుగా బయటికి వస్తాయని పూర్వపు హకీములు భావించారు. వేడి, పొడి ఎక్కువగా ఉన్న మిజాజ్‌లో జుట్టు ముతకగా, ఉంగరాలుగా ఉంటుందనీ, చలువ, తేమ ఎక్కువైతే మెత్తగా, సాఫీగా ఉంటుందనీ రాశారు.

ఇంతవరకు చదివినవాళ్లు కొందరు, "అయితే వేడి తగ్గించే మందు ఇస్తే జుట్టు సాఫీ అవుతుంది కదా" అంటారు. నన్ను చాలామంది అడిగారు కూడా. దీనికి జవాబు వెయ్యేళ్ల క్రితమే వచ్చింది. షేఖుర్ రయీస్ ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో ఉంగరాల జుట్టుకు రెండు వేర్వేరు కారణాలు చూపించారు. ఒకటి మిజాజ్‌లో వేడి, పొడి పెరగడం. రెండోది జుట్టు బయటికొచ్చే రంధ్రమే వంకరగా ఉండటం. మొదటి కారణం వల్ల వచ్చినది మిజాజ్ మారితే మారవచ్చు. రంధ్రపు వంకర వల్ల వచ్చినది మాత్రం మిజాజ్ మారినా మారదని ఆయన స్పష్టంగా చెప్పారు.

సూక్ష్మదర్శిని లేని రోజుల్లో చెప్పిన ఈ మాటను నేటి శాస్త్రం దాదాపు అలాగే చెబుతోంది. జుట్టు మొలిచే కుదురు చర్మం లోపల నిటారుగా ఉంటే వెంట్రుక నిటారుగా వస్తుంది. కుదురే కొడవలిలా వంగి ఉంటే వెంట్రుక వంపు తిరిగే పుడుతుంది. అడ్డంగా కోసి చూస్తే నిటారు వెంట్రుక గుండ్రంగా, ఉంగరాల వెంట్రుక కొంచెం చదునుగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. కుదురు ఆకారం తల్లిదండ్రుల నుంచి, వాళ్ల తల్లిదండ్రుల నుంచి వచ్చేది. ఒకే ఇంట్లో అక్కకు సాఫీ జుట్టు, చెల్లికి ఉంగరాల జుట్టు ఉండటం అందుకే మామూలు విషయం. చిన్నప్పుడు సాఫీగా ఉన్నవాళ్లకు పన్నెండు, పద్నాలుగేళ్ల వయసులో వంకీలు రావడం కూడా ఉంది. తల పైన పూసే ఏ నూనె అయినా లోపలి కుదురును నిటారు చేయలేదు. అలా చేస్తుందని సీసా మీద రాసి ఉంటే, అది యునానీ పేరుతో అమ్మేదైనా సరే, నమ్మకండి.

ఇక్కడే అఖీఖా మాట కూడా చెప్పుకోవాలి. పసిబిడ్డకు ఏడో రోజున తల గీయించడం మన ఇళ్లలో ఉన్నదే. అది దాని కారణానికి అది జరుగుతుంది. చిక్కల్లా ఆ తర్వాత మొదలవుతుంది. "రెండోసారి గీయిస్తే సాఫీగా వస్తుంది, మూడోసారికి ఒత్తుగా వస్తుంది" అని ఏడాదిలో నాలుగుసార్లు మంగలి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లున్నారు. కత్తి చర్మం పైన ఉన్న వెంట్రుకనే తీస్తుంది. కుదురు లోపల ఉంది, దానికి కత్తి సంగతే తెలియదు. పుట్టువెంట్రుకలు రాలి, మొదటి రెండు మూడేళ్లలో జుట్టు తీరు తనంతట తానే మారుతుంది. ఆ మార్పు ఘనత కత్తికి కట్టబెడుతున్నాం, అంతే.

ఎవరి సమతూకం వారిది

ఇబ్న్ సీనా అదే సందర్భంలో చెప్పిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. జుట్టును బట్టి మిజాజ్‌ను అంచనా వేసేటప్పుడు దేశాన్నీ, వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలంటారు. జంజీలలో, అంటే తూర్పు ఆఫ్రికా ప్రజలలో, ఎర్రజుట్టు కనిపిస్తేనే మిజాజ్ సమంగా ఉందని అనుకోకూడదంటారు. యునానీలో సమతూకాన్ని ఎతిదాల్ అంటాం. అది అందరికీ ఒకే కొలత కాదు. సింహానికి తగిన వేడి కుందేలుకు పడదు, కుందేలుకు తగిన చలువ సింహానికి పడదు అని మన వైద్యంలో ఉదాహరణ చెబుతారు. మనుషుల్లోనూ అంతే. ఒక బిడ్డ ఆరోగ్యాన్ని ఆ బిడ్డకు సహజమైన స్థితితో పోల్చి చూడాలి. పక్కింటి బిడ్డతోనో, టీవీలో షాంపూ ప్రకటనలోని అమ్మాయితోనో పోల్చి కాదు.

కర్ణాటకలో ఉన్న పాఠకుల్లో యల్లాపుర, హళియాళ వైపు వెళ్లినవారు అక్కడి సిద్దీలను చూసే ఉంటారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. వారిలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. 2003లో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ పేరు కూడా నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. ఆ గుర్రపు దళం వారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ ఇళ్లలో పిల్లలకు స్ప్రింగులా బిగుసుగా చుట్టుకున్న జుట్టు ఉంటుంది. వాళ్ల కుదుళ్లు అలాంటివి, వాళ్ల ఎతిదాల్ అది. అందులో నయం చేయాల్సింది ఏముంది?

మరో తమాషా చూడండి. పాత తిబ్ గ్రంథాల్లో జుట్టును సాఫీ చేసే మందులతో పాటు జుట్టుకు వంకీలు తెప్పించే మందులు కూడా రాశారు. అంటే ఉంగరాల జుట్టు కావాలని హకీముల దగ్గరికి వెళ్లినవాళ్లూ ఉండేవారన్నమాట. ఉర్దూ గజళ్లలో ప్రియురాలి జుల్ఫుల మెలికల్ని పొగడని షాయర్ ఎవరు? మన తెలుగులోనూ "ఉంగరాల జుట్టు" అన్న పేరులోనే ఒక ముచ్చట ఉంది. ఉంగరం నగే కదా! అలాంటిది ఇంట్లో మాత్రం చీపురు, పిచ్చుకగూడు, బొంత అని పిలుస్తున్నాం. బడిలో పిల్లలు 'నూడుల్స్' అంటున్నారు. పేర్లు మారాయి గాని జుట్టు మారలేదు.

నిజానికి పిల్లలు బయట విన్న మాటకు ఒకరోజు ఏడుస్తారు. ఇంట్లో విన్న మాటను మాత్రం నమ్ముతారు. ఇంట్లో ఆ మాట ఎక్కువగా వినపడేది తల దువ్వేటప్పుడే. పొద్దున బడి బస్సు వచ్చే వేళ. స్టవ్ మీద చపాతీ. పిల్లను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని పొడి జుట్టు మీద సన్నపళ్ల దువ్వెన పెట్టి పైనుంచి కిందికి లాగుతాం. చిక్కు పడుతుంది. పిల్ల అరుస్తుంది. "కదలకు! ఎవరి పోలికో ఇది, మీ ఫుప్పీ జుట్టే వచ్చింది" అంటాం. రోజూ పది నిమిషాలు, ఏడాదికి రెండు వందల రోజులు. నొప్పి, తిట్టు, పోలిక మూడూ కలిసి ఆ పిల్ల మనసులో తన జుట్టు అంటే ఒక శిక్ష అయి కూర్చుంటుంది. ఫుప్పీ ఎదురైతే ఆమెను చూసి కూడా ముఖం తిప్పుకుంటుంది! ఇస్త్రీపెట్టె దాకా వెళ్లిన ఆ పిల్ల ఆ పని ఒక్కరోజులో నేర్చుకోలేదు.

కాబట్టి మొదటి చికిత్స దువ్వెన మార్చడం. దూరదూరంగా పళ్లున్న దువ్వెన కొనండి. రెండోది వేళ మార్చడం. చిక్కు తీయడం పొద్దున కాకుండా, రాత్రి తీరికగా, జుట్టు తడిగా లేదా నూనెతో జారుగా ఉన్నప్పుడు చేయండి. ముందు కొసలు, తర్వాత మధ్య, ఆఖరున కుదుళ్ల దగ్గర దువ్వాలి. దువ్వే చోటుకు పైన జుట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే కుదురు లాగదు, నొప్పి ఉండదు. ఉంగరాల జుట్టును పొడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు. దువ్వితే ఉంగరాలు విడిపోయి పీచులా లేస్తుంది. మనం చీపురు అనే రూపం చాలావరకు మన దువ్వెన తెచ్చిపెట్టిందే.

తండ్రులకూ ఒక మాట. మగపిల్లలకు ఉంగరాల జుట్టు ఉంటే నెలకోసారి మిషన్ పెట్టించి పని అయిపోయిందనుకుంటారు. ఆ పిల్లవాడు అద్దంలో ఏం చూసుకుంటున్నాడో అడగరు. మీకూ అలాంటి జుట్టే ఉంటే మీ చిన్ననాటి ఫొటో తీసి వాడికి చూపించండి. మందుల చీటీ కంటే అది ఎక్కువ పనిచేయడం నేను చూశాను.

బడిలో రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టాలన్న నిబంధన చాలాచోట్ల ఉంది. ఉంగరాల జుట్టు జడలో త్వరగా నిలవదు కాబట్టి తల్లులు చర్మం సాగేంత గట్టిగా అల్లుతారు. ఏళ్ల తరబడి అలా లాగితే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. మొదట్లో గుర్తిస్తే మళ్లీ వస్తుంది. ఆలస్యమైతే కుదురే చచ్చిపోయి అక్కడ శాశ్వతంగా బోడి అవుతుంది. జడ వేశాక పిల్ల తలనొప్పి అంటే, నుదుటి అంచున చిన్న పొక్కులు కనిపిస్తే, జడ వదులు చేయండి. బడిలో టీచరుతో ఒకసారి వెళ్లి మాట్లాడండి. జుట్టు శుభ్రంగా, కట్టి ఉంటే చాలు కదా అని మర్యాదగా చెబితే ఒప్పుకునే టీచర్లే ఎక్కువ.

పార్లరులో ఏం జరుగుతుంది?

స్ట్రెయిటెనింగ్, రీబాండింగ్, స్మూతెనింగ్, కెరాటిన్. పేర్లు ఎన్ని ఉన్నా పని ఒకటే. వెంట్రుకలోని మాంసకృత్తుల పోగులను కొన్ని గట్టి ముడులు కట్టిపడేసి ఉంచుతాయి. రసాయనంతోనో, తీవ్రమైన వేడితోనో, రెండింటితోనో ఆ ముడులను విప్పి, జుట్టును నిటారుగా లాగి, మళ్లీ బిగిస్తారు. బయట ఉన్న వెంట్రుక నిటారవుతుంది. కొత్తగా మొలిచేది మాత్రం ఉంగరంగానే వస్తుంది. మూడు నాలుగు నెలలకు తల దగ్గర వంకీలు, కింద సాఫీ, మధ్యలో విరిగే చోటు. మళ్లీ వెళ్లాలి. ఒకసారి మొదలుపెడితే ఆగడం కష్టం.

ఖర్చు సంగతి వదిలేద్దాం. కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా వేడి తగలగానే అది విడుదలవుతుంది. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మాలిన్‌లో ఉండేది ఇదే. మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థంగా దీన్ని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే వర్గీకరించింది. అమెరికాలో 33 వేలకు పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. జుట్టు సాఫీ చేసే మందులు ఎన్నడూ వాడని స్త్రీలలో డెబ్బై ఏళ్ల వయసుకల్లా గర్భాశయ క్యాన్సరు వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, తరచుగా, అంటే ఏడాదిలో నాలుగుసార్లకు మించి, వాడినవారిలో అది 4.05 శాతమని అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనం, ఆ మందే కారణమని రుజువు చేసేది కాదు. అయినా పదేళ్ల పిల్ల తలకు పూసే ముందు ఆలోచించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ అధ్యయనంలో మరో విషయం ఉంది. ఈ మందులు వాడినవారిలో దాదాపు 60 శాతం నల్లజాతి స్త్రీలే. అక్కడ తరతరాలుగా ఆ పిల్లలకు చిన్న వయసులోనే జుట్టు సాఫీ చేయించే అలవాటు వచ్చింది. బడిలో, ఉద్యోగంలో సహజమైన జుట్టును 'అశుభ్రం' అన్నారు కాబట్టి. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం, సహజమైన జుట్టును బట్టి బడిలోగాని పనిచోటగాని వివక్ష చూపకూడదని చట్టం చేసింది. తర్వాత మరెన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఒక వెంట్రుక వంపు కోసం చట్టం చేయాల్సి వచ్చిందంటే పిల్లల మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించండి.

"మా పార్లరులో ఫార్మాలిన్ లేనిదే వాడతారు" అని కొందరు అంటారు. దానికి బదులుగా వచ్చిన వాటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఒకటి. 2024లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో 26 ఏళ్ల యువతి కేసు ప్రచురించారు. 2020, 2021, 2022లలో ఆమె మూడుసార్లు పార్లరులో జుట్టు సాఫీ చేయించుకుంది. మూడుసార్లూ ఆ వెంటనే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీములో ఈ ఆమ్లం ఉంది. డబ్బా మీద ఒక పేరు లేకపోతే ప్రమాదం లేదని కాదు. పిల్లలకు మాత్రం ఏ రకమూ వద్దు. పెళ్లి ఎవరిదైనా సరే.

ఇంట్లో చేయదగినవి

ఉంగరాల జుట్టు 'పొడి' అన్న హకీముల మాట సంరక్షణలో బాగా పనికొస్తుంది. తల చర్మంలో ఊరే సహజమైన జిడ్డు నిటారు వెంట్రుక వెంట సులువుగా కిందికి జారుతుంది. వంపుల వెంట జారలేదు. అందుకే కుదుళ్ల దగ్గర జిడ్డుగా ఉన్నా కొసలు ఎండుగడ్డిలా ఉంటాయి. ఈ జుట్టుకు కావలసింది తేమ.

తలంటు వారానికి ఒకసారి, చెమట ఎక్కువ పట్టే రోజుల్లో రెండుసార్లు చాలు. ఒట్టి కుంకుడుకాయ పులుసు ఉన్న జిడ్డునంతా లాగేస్తుంది. అందులో మందారాకు నలిపి జిగురు కలపండి, లేదా నానబెట్టి రుబ్బిన మెంతులు కలపండి. శీకాయ వాడేవారూ అంతే. మన నానీలు వాడిన రేగాకు (బేరీ ఆకు) కూడా మంచిదే. నలిపితే నురుగు, జిగురు రెండూ ఇస్తుంది. షాంపూ అయితే తల చర్మానికే రాసి, కొసలకు కండిషనర్ రాయండి. తుడిచేటప్పుడు టర్కీ టవలుతో రుద్దకండి. పాత నూలు బట్టతో నీళ్లు అద్ది తీయండి.

నూనెల్లో తీపి బాదం నూనె (రోగన్ బాదామ్ షీరీన్) యునానీలో తేమనిచ్చేదిగా పేరున్నది. ఖరీదు భరించలేకపోతే కొబ్బరినూనె చాలు. వెంట్రుకలోని మాంసకృత్తులు కడుగులో పోకుండా కొబ్బరినూనె కాపాడుతుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేవని 2003లో ముంబయి పరిశోధకులు చూపించారు. వాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీలో పనిచేసేవాళ్లే అన్నది కూడా చెప్పాలి. అయితే అనుభవం కూడా ఆ మాటనే బలపరుస్తోంది. తలంటుకు గంట ముందు రాస్తే చాలు. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె ఉంచకండి, ఎక్కువవుతుంది.

అన్నిటికంటే నేను ఎక్కువగా చెప్పేది అవిసె గింజల లుఆబ్, అంటే జిగురు. కన్నడలో అగసె, మరాఠీలో జవస్, తమిళంలో ఆళి విదై అనేవి ఇవే. రెండు పెద్ద చెంచాల గింజలు రెండు గ్లాసుల నీళ్లలో వేసి సన్నని మంట మీద కలుపుతూ మరిగించండి. కోడిగుడ్డు తెల్లసొనలా సాగడం మొదలవగానే దించి, వేడిగా ఉండగానే పలచని బట్టలో వడకట్టండి. చల్లారితే వడకట్టడం మీ తరం కాదు. తలంటు తర్వాత జుట్టు ఇంకా తడిగా ఉండగా కొద్దిగా చేతికి తీసుకుని కొసల నుంచి పైకి పిడికిలితో నొక్కుతూ రాయండి. తర్వాత ముట్టుకోకుండా ఆరనివ్వండి. ఉంగరాలు విడివిడిగా నిలుస్తాయి. ఫ్రిజ్‌లో వారం నిల్వ ఉంటుంది, వాసన మారితే పారేయండి.

దుపట్టా, స్కార్ఫు కట్టుకునే ఆడపిల్లలు జుట్టు పూర్తిగా ఆరాకే కట్టుకోవాలి. తడి జుట్టు మూసి ఉంచితే దురద, చుండ్రు, వాసన వస్తాయి. బడి ఉన్న రోజు పొద్దున తలంటు పెట్టుకోకపోవడమే మేలు. రాత్రి దిండుకు పాత పట్టు దుపట్టా చుడితే చిక్కు సగం తగ్గుతుంది. పేలు పడితే జుట్టు కత్తిరించనక్కర్లేదు. తడి జుట్టుకు కండిషనర్ పట్టించి పేల దువ్వెనతో పాయలు పాయలుగా రెండు వారాలు దువ్వండి. కిరోసిన్ మాత్రం రాయకండి.

మెహందీ సంగతి విడిగా చెప్పాలి. స్వచ్ఛమైన మెహందీ యునానీలో పొడి గుణం కలది. ఉంగరాల జుట్టుకు తరచుగా పెడితే ఇంకా ఎండిపోతుంది. జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఒంటికి ఎక్కువ మేర మెహందీ పూస్తే రక్తకణాలు విరిగి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి పసిపిల్లల తలకు పెట్టవద్దు. కాలీ మెహందీ అని అమ్మేవాటిలో పి.పి.డి. అనే రంగు కలుపుతారు. దానితో తల వాచి, పొక్కులెక్కి, కళ్లు మూసుకుపోయినవారిని ఈ దవాఖానాలోనే చూశాను.

జుట్టు విషయంలో వైద్యుడి దగ్గరికి నిజంగా రావలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. నాణెమంత మేర ఒక్కసారిగా నున్నగా ఊడిపోతే అది పేనుకొరుకుడు, మేము దాఉస్సాలబ్ అంటాం. పొట్టు రాలుతూ, వెంట్రుకలు తెగుతూ మచ్చ పెద్దదవుతుంటే అది తామర. ఇది పిల్లల నుంచి పిల్లలకు అంటుకుంటుంది, లోపలికి మందు మింగాల్సి ఉంటుంది. అంతవరకు బాగున్న జుట్టు కొన్ని నెలల్లో పెళుసై, అలసట, పాలిపోవడం తోడైతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. పిల్ల తన వెంట్రుకలను తానే పీక్కుంటుంటే తిట్టకండి, పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి.

ఆ తల్లీ కూతుళ్లు నిన్నటి ఆదివారం మళ్లీ వచ్చారు. గాయం మానింది. చెవి పక్కన చిన్న మచ్చ ఉంది, అక్కడ జుట్టు వస్తుందో లేదో ఇంకో రెండు నెలలు చూడాలి. ఈసారి దుపట్టా వదులుగా ఉంది. రాత్రిపూట తల దువ్వే పని ఇప్పుడు ఫుప్పీ చేస్తోందట. ఆమెది కూడా అదే జుట్టు కాబట్టి చిక్కు ఎలా తీయాలో ఆమెకే బాగా తెలుసని తల్లి ఒప్పుకుంది. పిల్ల మాత్రం నన్ను ఒకటే అడిగింది. వడకట్టాక మిగిలిన అవిసె గింజలు పారేయాలా, తినొచ్చా అని. అవి పారేయమని చెప్పాను. తినడానికైతే విడిగా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి వేసి పొడి కొట్టుకోండి. వేడి జొన్నరొట్టెలోకి బాగుంటుంది.